క్షౌరకత్తి పదును: కొత్తగా పట్టినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మడత క్షౌరకత్తితో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మా మామయ్యగారు వాడిన కత్తి నా చేతికొచ్చింది, అక్కడి నుంచి ఇది అలవాటైంది. ఈ సంగతి తెలిసిన మిత్రుల్లో ఒక్కొక్కరూ కత్తి కొనుక్కోవడం, రెండో వారానికి "లాగుతోందండీ, పదును పోయినట్టుంది" అని ఫోన్ చేయడం మామూలైపోయింది. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ అనుమానాలు అవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా దాని జవాబు అక్కడే పూర్తిగా దొరుకుతుంది.

నేను వాడే మాటలు ఐదే. కత్తి అలుగులో (ఉక్కు పలకలో) పైనుండే మందపాటి భాగం వెన్ను. కోసేది అంచు. చివర కొస, పిడి వైపున్నది మొదలు. అంచుకు రెండు పక్కలా సన్నగా మెరుస్తూ కనిపించే గీత వాలు.

## కొనేటప్పుడు

సెలూన్‌లో వాడే కత్తీ ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. సెలూన్‌లో ఇప్పుడు కనిపించేది బ్లేడు కత్తి. మామూలు బ్లేడును మధ్యకు విరిచి సగం ముక్క అందులో బిగిస్తారు, మనిషి మారగానే ముక్క మారుస్తారు. దానికి పదును పెట్టే పనే ఉండదు. హెచ్ఐవీ, హెపటైటిస్ గురించి జనానికి తెలిసొచ్చాక సెలూన్లు అటు మారాయి, అది మంచి మార్పు. ఇక్కడ చెబుతున్నది పాతకాలపు అసలు కత్తి గురించి, తెలంగాణలో చాలామంది ఉస్తరా అనేదాని గురించి. అలుగంతా ఒకటే ఉక్కు ముక్క. దాని పదును కాపాడుకోవాల్సింది వాడేవాడే.

మొదటి కత్తి ఎలాంటిది కొనాలి?

5/8 వెడల్పు, గుండ్రటి కొస, కార్బన్ ఉక్కు. ఈ కత్తుల వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతారు. 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నటిది తోలుపట్టీ (అంచును సరిచేయడానికి కత్తిని తిప్పే తోలు) మీద చేతిలో మెలితిరుగుతుంది, మరీ వెడల్పుది గడ్డం కింద మూలల్లో తిప్పడానికి బరువుగా ఉంటుంది. కొస కోసుగా ఉన్న కత్తి చెవి తమ్మె దగ్గరా, ముక్కు కిందా గాటు పెడుతుంది, పట్టీని కూడా గీరుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పును బాగా తట్టుకుంటుంది గానీ రాయి మీద పదునెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. నేర్చుకునే చేతికి కార్బన్ ఉక్కే సులువు.

జర్మనీలో సోలింగెన్, ఫ్రాన్స్‌లో తియేర్ ఈ కత్తులకు తరతరాలుగా పేరుపడ్డ ఊళ్లు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తులు ఇప్పుడు ఎక్కువగా పాతవే దొరుకుతాయి. కత్తి మీద సోలింగెన్ అని ముద్ర వేయడానికి జర్మనీలో 1938 నుంచి చట్టపు షరతులున్నాయి. బయటి దేశాల్లో ఆ పేరును దొంగతనంగా కొట్టినవీ తిరుగుతున్నాయి కాబట్టి ఊరి పేరు ఒక్కటే చూసి కొనకండి, తయారీదారు పేరు కూడా చూడండి.

బాగా చవగ్గా దొరుకుతున్నాయి కదా, వాటితో నేర్చుకోకూడదా?

కూడదు. వాటిలో చాలావరకు ఆకారమే కత్తిది. ఉక్కుకు సరైన గట్టిదనం ఉండదు, లేదా వెన్ను వంకరగా ఉండి రాయి మీద ఆనదు. అలాంటి కత్తి లాగుతుంటే తప్పు మీ చేతిదో కత్తిదో తేల్చుకోలేరు. ఆ డబ్బుకు మంచి స్థితిలో ఉన్న పాత కత్తి కొనుక్కుని, తెలిసినవాళ్లతో సాన పట్టించుకోండి.

తాతగారి పెట్టెలో పాత కత్తి దొరికింది. పనికొస్తుందా?

చాలావరకు పనికొస్తుంది. చూడాల్సినవి మూడు. మొదటిది, అంచులో పగులు. గోరు మీద అంచును బరువు వేయకుండా ఆనించి మొదలు నుంచి కొస దాకా జరిపితే పగులు దగ్గర టక్కుమని తగులుతుంది. వెంట్రుకంత పగులున్నా ఆ కత్తిని గుర్తుగా దాచుకోవాల్సిందే. రెండోది తుప్పు. అలుగు మధ్యలో నల్లమచ్చలుంటే ఫర్వాలేదు. అంచు పక్కనే గుంటలు పడి ఉంటే మాత్రం సాన పట్టే కొద్దీ ఆ గుంట అంచుకు వచ్చి అక్కడ తెగుతుంది. మూడోది వెన్ను. ఎవరో మొరటుగా నూరి వెన్నును ఒకవైపే అరగదీసి ఉంటే బాగుచేయడం నిపుణుల పని.

పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ది అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆ పదార్థం పాతబడి చివికే దశలో ఆవిరి వదులుతుంది. పిడి లోపల మడిచి ఉంచిన అలుగుకు ఆ ఆవిరితోనే తుప్పు పడుతుంది. కర్పూరం లాంటి ఘాటు వాసన, జిగట కనిపిస్తే పిడి మార్పించండి, ఈలోపు మిగతా కత్తుల పక్కన పెట్టకండి.

కొత్త కత్తి కదా, మళ్లీ సాన పట్టించాలా?

చాలా కత్తులకు పట్టించాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అంచు కాగితం కోస్తుంది, గడ్డం మాత్రం లాగుతుంది. అమ్మేవాడిని సూటిగా అడగండి: "చేత్తో సాన పట్టి, గీసుకోవడానికి సిద్ధంగా ఇస్తారా?" జవాబు నీళ్లు నములుతున్నట్టుంటే సాన పట్టించాలనే లెక్క వేసుకోండి. మొదటి సాన మాత్రం మీరు పట్టకండి. మంచి పదును ముఖం మీద ఎలా ఉంటుందో ఒకసారి తెలిస్తేనే, తర్వాత అది తగ్గినప్పుడు గుర్తుపట్టగలరు.

## తోలుపట్టీ

పట్టీ మీద తిప్పితే నిజంగా పదును పెరుగుతుందా?

ఉత్త తోలు ఉక్కును అరగదీయదు, అంచును సరిచేస్తుంది. మన వెంట్రుక మందం దాదాపు 70 నుంచి 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మంచి అంచు కొస ఒక మైక్రాన్ కూడా ఉండదు. అంత పలచటి ఉక్కు గడ్డం గీస్తుంటే అక్కడక్కడా పక్కకు ఒరుగుతుంది, గాలిలోని తేమకు కంటికి కనపడని తుప్పు కూడా పడుతుంది. పట్టీ ఆ ఒరిగినదాన్ని నిలబెట్టి, ఆ పొరను తుడిచి, అంచుకు నునుపు తెస్తుంది. పెచ్చులూ గాట్లూ పడ్డ అంచును పట్టీ బాగుచేయలేదు. అది రాయి చేసే పని.

తెలుగులో తోలును శుద్ధి చేయడాన్నీ పదును చేయడమనే అంటాం, వాన పడి దుక్కికి అనువైన నేలనూ పదునైందనే అంటాం. ఒక వస్తువు పనికి సిద్ధమైందని చెప్పే మాట ఇది. కత్తిని పట్టీ మీద తిప్పేటప్పుడు నాకు ఈ మాటే గుర్తొస్తుంది. పదును చేసిన తోలు మీద కత్తికి పదును తెస్తున్నాం.

పట్టీ మీద ఎలా తిప్పాలి? అంచు ముందుకా, వెన్ను ముందుకా?

వెన్ను ముందుకు, అంచు వెనక. ఈ ఒక్కటి తారుమారైతే పట్టీ తెగుతుంది.

పట్టీ ఒక కొనను కిటికీ చువ్వకో తలుపు గడియకో తగిలించి, రెండో కొనను ఎడమచేత్తో బిగువుగా లాగి పట్టుకోండి. మధ్యలో జారితే అంచు కొస గుండ్రంగా అరుగుతుంది. కత్తిని కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, అలుగూ పిడీ కలిసే సన్నటి మెడ దగ్గర పట్టుకోండి. పిడి అలుగుతో ఒకే వరసలో తెరుచుకుని ఉండాలి. వెన్నూ అంచూ రెండూ తోలుకు ఆనాలి. వెన్నును పైకి లేపకండి. వెన్నును ముందుంచి చివరిదాకా తీసుకెళ్లండి. అక్కడ ఆగి, వెన్నును తోలు మీదే ఉంచి, కత్తిని వేళ్ల మధ్య దొర్లించండి. అంచు గాల్లోంచి తిరిగి అవతలి పక్కకు వాలుతుంది. అప్పుడు వెనక్కి రండి. మణికట్టు తిప్పక్కర్లేదు, దొర్లించేది వేళ్లే.

బరువు కత్తిదే చాలు. సరిగ్గా వెళ్తుంటే ఒకే రకమైన సన్నటి "సుయ్" మంటుంది. ఒక దిక్కు మోగి రెండో దిక్కు మోగకపోతే అటువైపు వెన్ను లేస్తున్నట్టు. పట్టీ కత్తి పొడవుకంటే సన్నగా ఉంటే నేరుగా లాగకుండా కాస్త ఏటవాలుగా జరపండి, మొదలు నుంచి కొస దాకా అంచంతా తోలును తాకుతుంది. వేగం గురించి మొదటి మూడు నెలలు ఆలోచించకండి. సెలూన్‌లో పెద్దాయన పటపటా తిప్పేవాడంటే, ఆ చేయి అలా తిరగడానికి కొన్ని వేల గడ్డాలు పట్టింది.

రోజుకు ఎన్నిసార్లు తిప్పాలి?

గీసుకునే ముందు తోలుకు జతగా ఉండే బట్ట పట్టీ మీద 20, తోలు మీద 50. ఒకసారి వెళ్లి రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. గీసుకున్నాక బట్ట మీద ఒక పది తిప్పితే అంచులో మిగిలిన తడి పోతుంది. అంకె కంటే నిదానం ముఖ్యం. తొందరగా తిప్పిన వంద కంటే శ్రద్ధగా తిప్పిన ముప్పై మేలు.

పాత బెల్టు పనికిరాదా? ఏ తోలు మంచిది?

పాత బెల్టు పనికిరాదు. దాని మీద రంగు పూత, అంచుల్లో కుట్లు ఉంటాయి, లోపల అట్ట ముక్క కూడా ఉండొచ్చు. కుట్టు తగిలినచోటల్లా అంచు దెబ్బతింటుంది. చెట్టు బెరడుతో పదును చేసిన ఆవు తోలో గేదె తోలో, మూడంగుళాల వెడల్పు, రెండడుగుల దాకా పొడవు, మచ్చా ముడతా లేనిది తీసుకోండి. గుర్రపు తోలు పట్టీలు మరింత నునుపు, ధర కూడా అలాగే ఉంటుంది. మన వైపు ఒకప్పుడు తోళ్లు పదును చేయడానికి తంగేడు బెరడు వాడేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడే అది. అలా తయారైన మొద్దు తోలు ముక్క మా ఇంట్లో ఒకటుంది. ఇప్పటికీ దాన్ని మించిన పట్టీ నాకు దొరకలేదు.

పట్టీ తెగిపోయింది. పారేయాలా?

అక్కర్లేదు. అంచున చిన్న గాటు పడితే నున్నటి గరుకు కాగితంతో రుద్ది చదును చేయండి. తోలు రెక్కలా లేస్తే కింద జిగురు పూసి, బరువు పెట్టి, ఆరాక రుద్దండి. నడిమధ్యలో లోతుగా తెగితే ఆ భాగం వదిలి మిగతా పొడవు వాడుకోవచ్చు.

నేను మూడోవారంలో కోశాను. పట్టీ చివరిదాకా వెళ్లాక వెన్ను మీద దొర్లించాల్సింది పోయి, వెన్ను ఎత్తి అంచు మీద తిప్పాను. అంగుళం పొడవున తోలు చీలింది, కత్తి అంచు కూడా అక్కడ మొద్దుబారింది. ఆ తర్వాత రెండు వారాలు అట్టముక్కను పిడికి కట్టి, దాన్నే కత్తి అనుకుని తిప్పడం సాధన చేశాను. మీరు ఆ సాధనతోనే మొదలుపెట్టండి. మొదటి పట్టీ ఖరీదైనది కొనకండి.

పట్టీకి నూనె రాయాలా?

రోజూ వాడే పట్టీకి అరచేయి చాలు. తిప్పేముందు శుభ్రమైన అరచేత్తో తోలును నాలుగైదుసార్లు గట్టిగా రుద్దండి. ఆ వేడి, చేతిలో ఉండే కాస్త జిడ్డు తోలును మెత్తగా ఉంచుతాయి. ఎండాకాలంలో బిరుసెక్కితే ఏడాదికోసారి తోలుకు రాసే క్రీము పలచగా పూసి ఒకరోజు వదిలేయండి. కొబ్బరినూనె వద్దు. తోలు నూనె తాగి మెత్తబడిపోతుంది, దుమ్ము పట్టుకుంటుంది, ఆ దుమ్ము అంచును గీస్తుంది.

ఆకుపచ్చ పేస్టు రాయమంటున్నారు. రాయాలా?

రోజువారీ పట్టీకి రాయొద్దు. ఆ ఆకుపచ్చ పదార్థం క్రోమియం ఆక్సైడ్, సుమారు అర మైక్రాన్ పొడి. అది తోలులా ఊరుకోదు, ఉక్కును అరగదీస్తుంది. చెక్కకు అంటించిన వేరే తోలు ముక్కకో బట్టకో పలచగా పూసి, పదును కాస్త తగ్గిందనిపించినప్పుడు ఐదారుసార్లు తిప్పి, తర్వాత ఉత్త తోలుకు వెళ్లండి. నెలకోసారి చాలు. వారం వారం వాడితే అంచు గుండ్రబడుతుంది, ఆ తర్వాత రాయి తప్పదు. హార్డ్‌వేర్ దుకాణంలో లోహాలకు మెరుగు పెట్టడానికి అమ్మే ఆకుపచ్చ కడ్డీలో ముతక పొడి కలిసి ఉండొచ్చు, అది కొనకండి.

## గీసుకునేటప్పుడు

లాగుతోంది. పదును పోయిందా?

మొదటి రెండు నెలల్లో లాగితే, పదును పోయి ఉండటానికి అవకాశం తక్కువ. కత్తిని ఎక్కువ పైకెత్తి పట్టడం, గడ్డం సరిగా నానకపోవడం, పట్టీ మీద వెన్ను లేవడం, ఈ మూడింటిలో ఒకటి అయ్యుంటుంది. వెన్నుకూ చర్మానికీ మధ్య వెన్ను మందానికి రెట్టింపు దూరం ఉంటే సుమారు 30 డిగ్రీలొస్తుంది, అది సరైన కోణం. పైకెత్తితే వెంట్రుకను గీకుతుంది, చర్మం మండుతుంది.

నానబెట్టడం అంచు కోసం కూడా చేయాలి. వెంట్రుక ఉక్కు కంటే 50 రెట్లు మెత్తన. అయినా ఉక్కు ఎందుకు మొద్దుబారుతుందో 2020లో అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు సూక్ష్మదర్శినిలో చూశారు. వెంట్రుక నిలువుగా ఉన్నప్పుడు అంచుకు ఏమీ కాలేదు. వంగిన వెంట్రుక, ఉక్కు అల్లిక ఒకేలా లేనిచోట తగిలినప్పుడు అంచు చిన్న పెచ్చుగా లేచింది. వాళ్లు పరీక్షించింది వాడి పారేసే బ్లేళ్లను. నేను మాత్రం అది చదివాక స్నానం అయ్యాకే గీసుకుంటున్నాను, రెండో చేత్తో చర్మాన్ని గట్టిగా బిగబట్టడం ఎప్పుడూ మానలేదు. బిగిసిన చర్మం మీద వెంట్రుక వంగే వీలు తక్కువ. బోరు నీళ్లతో నురగ సరిగా రాకపోతే కాచి చల్లార్చిన నీళ్లో, తాగే నీళ్లో కాసిన్ని వాడండి. పలచటి నురగ మీద ఎంత మంచి కత్తైనా లాగుతుంది.

పదును ఉందో లేదో ఎలా చూడాలి? వేలు పెట్టి చూడొచ్చా?

వేలు పెట్టకండి. వేలూ తెగుతుంది, వేలి జిడ్డు, తేమ అంచుకూ అంటుతాయి. ముంజేతి వెంట్రుకల మీద, చర్మానికి తగలకుండా కాస్త ఎత్తులో కత్తిని జరపండి. వెంట్రుకల కొసలు తెగి రాలుతుంటే పదునుంది. ఇంకొకటి, తలవెంట్రుక ఒకటి వేళ్లతో పట్టుకుని వేలాడదీసి అంచుకు ఆనించడం. తాకగానే తెగితే బాగున్నట్టు. వెంట్రుకలు మనిషికో మందం కాబట్టి, బాగా సాన పట్టించిన రోజున మీ ఇంట్లో ఎవరి వెంట్రుక ఎలా తెగిందో గుర్తుపెట్టుకుని దానితో పోల్చుకోండి. కాగితం కోసి చూడకండి. అది అంచును పాడుచేస్తుంది, గడ్డం గురించి ఏమీ చెప్పదు.

గాటు పడితే పటిక రుద్దుకుంటాను. కత్తికి ఇబ్బందా?

ముఖానికి మంచిదే. పటిక అంటిన వేళ్లతో అలుగును ముట్టుకుంటే మాత్రం తెల్లారేసరికి అక్కడ మచ్చ పడుతుంది. ముందు కత్తిని కడిగి, తుడిచి, మడిచి పెట్టాకే పటిక తీయండి.

## కడిగి దాచేటప్పుడు

రెండు రోజులకే తుప్పు చుక్కలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

తడి మిగిలిపోతోంది. కార్బన్ ఉక్కుకు పావుగంట తడి చాలు. గీసుకున్న వెంటనే అలుగును నీళ్ల కింద పట్టి, నురగ పోయాక, మెత్తటి బట్టతో వెన్ను నుంచి అంచు వైపు తుడవండి. అంచు పొడవునా బట్టను జరిపితే బట్టతో పాటు వేలూ తెగుతుంది. తర్వాత పిడి లోపల రెండు పలకల మధ్య చూడండి. కొత్తవాళ్ల కత్తుల్లో తుప్పు మొదలయ్యేది అక్కడే. అలుగునూ పిడినీ కలిపే మేకు దగ్గర చేరిన నీటిబొట్టు రాత్రంతా అలుగును నాకుతూ ఉంటుంది. సన్నటి కాగితం మడత దూర్చి పీల్చేయండి. వెంటనే మడవకుండా ఓ గంట తెరిచి, పిల్లలకు అందనిచోట ఉంచండి.

మాది కాకినాడ. శ్రావణ మాసం వచ్చిందంటే గోడలకే చెమట పడుతుంది. ఒక ఏడాది పదిరోజులు ఊరెళ్తూ మామయ్యగారి కత్తిని బాత్రూం అలమారాలో వదిలేశాను. తిరిగొచ్చేసరికి మొదలు దగ్గర బియ్యపు గింజంత గోధుమరంగు మచ్చ. తుడిస్తే మచ్చ పోయింది, కింద గుంట మిగిలింది. ఆ గుంట ఇప్పటికీ ఉంది. ఇప్పుడు నా కత్తులు పడగ్గది బీరువాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలతో పాటు ఉంటాయి. తోలు సంచిలో దాచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ఏ నూనె రాయాలి?

రోజూ వాడే కత్తికి పొడిగా తుడిస్తే సరిపోతుంది. వారం పక్కన పెట్టేటప్పుడు, సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే వానాకాలమంతా, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రెండు పక్కలా పలచగా రాయండి. వంటనూనెలు, కొబ్బరినూనె కొన్నాళ్లకు కంపుకొట్టి జిగురుగా మారతాయి. వాడేముందు నూనెను శుభ్రంగా తుడిచి, అప్పుడే పట్టీ మీదకు తీసుకెళ్లండి.

వేడినీళ్లలో మరిగించి శుభ్రం చేయొచ్చా?

మరిగే నీళ్ల వేడికి ఉక్కు గట్టిదనం పోదు. పిడి పగులుతుంది, మేకు సందులోకి నీళ్లు చేరతాయి. శుభ్రత కోసం సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. మంట మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. పలచటి అంచు క్షణాల్లో కాగి, ఇంక ఎంత నూరినా పదును నిలవని ఉక్కుగా మారుతుంది.

మా తమ్ముడూ నేనూ ఒకే కత్తి వాడుకోవచ్చా?

వద్దు. హెపటైటిస్ బి లాంటివి కంటికి కనపడనంత రక్తంతో అంటుతాయి. ఎవరి కత్తి వారిది.

కుళాయికి తగిలింది. ఏం చేయాలి?

ముందు వాడటం ఆపండి. దీపం వెలుతురులో అంచును మీ వైపు నిలబెట్టి చూడండి. మంచి అంచు వెలుతురును తిప్పికొట్టదు, నల్లటి గీతలా ఉంటుంది. ఎక్కడైనా తెల్లగా మెరిస్తే అక్కడ పెచ్చు లేచింది. పట్టీతో అది పోదు, రాయి కావాలి. కింద పడుతున్న కత్తిని పట్టుకోబోకండి, చేతులు వెనక్కి లాక్కోండి. వాష్‌బేసిన్ మీద దళసరి తువ్వాలు పరుచుకుంటే కత్తికీ భయం తగ్గుతుంది, మీకూ తగ్గుతుంది.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

చేతి సంచిలో కుదరదు, భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు. చెక్-ఇన్ సామానులో, అలుగు తెరుచుకోకుండా పిడికి రబ్బరు బ్యాండు వేసి పెట్టండి. అమెరికా నుంచి సెలవులకొచ్చి తాతల కత్తులు తీసుకెళ్లే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ ఒకసారి తీసేసుకుంటే తిరిగి రాదు.

## సాన పట్టేటప్పుడు

ఎన్నాళ్లకోసారి సాన పట్టాలి?

రోజూ గీసుకుంటూ పట్టీ సరిగా వాడితే మూడు నుంచి ఆరు నెలలకోసారి. గడ్డం ముతకగా ఉంటే కాస్త ముందే. నెలలోపే కావాల్సి వస్తోందంటే పట్టీ తిప్పడంలో ఎక్కడో పొరపాటుంది, రాయి ఆ పొరపాటును దాచగలదే గానీ పోగొట్టలేదు.

వీధిలోకి కత్తులు సాన పట్టేవాళ్లు వస్తారు. వాళ్లకి ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. సైకిలు మీద తిరిగే సాన చక్రం కత్తిపీటకూ కొడవలికీ కత్తెరకూ సరైనది. ఆ పనిలో వాళ్లకు మంచి నైపుణ్యం ఉంది. క్షౌరకత్తి అంచుకు ఆ చక్రం తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఆ రవ్వలు ఎగిరేంత వేడికి పలచటి అంచు నీలంగా మారి, పదును నిలిపే గుణం పోతుంది.

నా రెండో కత్తి అలాగే పోయింది. గేటు దగ్గర నిలబడి నేనే ఇచ్చాను. అతను జాగ్రత్తగానే పట్టాడు, పావు నిమిషం కూడా పట్టలేదు. చేతికిచ్చేసరికి అంచు పొడవునా నెమలి మెడ రంగు. దాన్ని ఆ తర్వాత నాలుగు రాళ్ల మీద నూరాను. ఒక్క గడ్డానికి మించి పదును నిలబడలేదు.

వంటింట్లో వాడే సానరాయి చాలదా? కడప బండ మీద నూరితే?

చాలదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే బూడిదరంగు రాయి గొడ్డలికి పనికొచ్చేంత ముతక, దాని మీద ఒక్కసారి జరిపితే పడే గీతలు తీయడానికి గంటలు పడుతుంది. కడప బండ సున్నపురాయి, ఉక్కు కంటే మెత్తన, దాని మీద పదునెక్కదు.

ఏ రాళ్లు కొనాలి? సెట్టు మొత్తం కావాలా?

మొదట్లో ఒక్క రాయి చాలు. రాళ్ల నునుపును గ్రిట్ అంకెతో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ రాయి నునుపు. వాలు మొదటి నుంచి తీర్చడానికి 1000, ఆ గీతలు తీయడానికి 4000, తర్వాత 8000, చివరి మెరుగుకు 12000. పదునుగా వచ్చిన కత్తి కాస్త తగ్గినప్పుడు సరిచేయడానికి 8000 గానీ 12000 గానీ ఒక్కటుంటే ఏడాది గడుస్తుంది. జపాన్ రాళ్లలో నానివా, షాప్టన్ నమ్మకమైనవి. అమెరికాలో ఉన్నవాళ్లకు నార్టన్ 4000/8000 జంటరాయి సులువుగా దొరుకుతుంది. బెల్జియంలో తవ్వే కోటిక్యూల్ అనే పసుపురాయి కూడా ఉంది, అది ప్రకృతి ఇచ్చిన అందమైన వస్తువు. కొత్తలో మాత్రం గ్రిట్ తెలిసిన రాయే నయం.

రాయి చదునుగా ఉండాలి. పెన్సిలుతో దాని మీద గళ్లు గీసి, డైమండ్ పలక మీద నీళ్లతో రుద్దండి. గీతలన్నీ ఒకేసారి పోతే చదునుగా ఉంది. మధ్యలో మిగిలితే అక్కడ గుంట పడింది, పోయేదాకా రుద్దండి. కొత్త రాయికి కూడా ఇది చేయాలి.

ఇంట్లో సాన పట్టే పద్ధతి ఏంటి? కోణం ఎలా నిలపాలి?

కోణం మీరు నిలపక్కర్లేదు, కత్తే నిలుపుకుంటుంది. వెన్ను మందాన్నీ అలుగు వెడల్పునూ లెక్కచూసి చేశారు కాబట్టి రెండింటినీ రాయికి ఆనిస్తే 16, 17 డిగ్రీల దగ్గర కోణం దానంతటదే వస్తుంది. వంటింటి కత్తి కంటే ఇది సులువైన విషయం. వెన్ను ఎప్పుడూ లేపకూడదు.

రాయి మీద నీళ్లు చల్లండి. పట్టీకి పూర్తిగా ఎదురు: ఇక్కడ అంచు ముందు వెళ్తుంది, వెన్ను వెనక. మొదలు రాయి మీద ఉండగా బయలుదేరి, ముందుకు జరుపుతూనే పక్కకు లాగుతూ, చివరికి కొస మాత్రమే రాయి మీద మిగిలేలా వెళ్లండి. అక్కడ వెన్ను మీద దొర్లించి, రెండో పక్కతో వెనక్కి రండి. చూపుడువేలు అలుగు మీద పెట్టి నొక్కకండి. నొక్కితే పలచటి అలుగు వంగి, మధ్యలో ఎక్కువ అరుగుతుంది. అంచు ముందు నీళ్లు ముడతలా పైకెక్కుతుంటే అది రాయిని తాకుతోందని అర్థం. ఎక్కడో నీళ్లు ఎక్కకపోతే అక్కడ అంచు ఆనడం లేదు.

ఇంకా నమ్మకం కావాలంటే వాలు మీద మార్కర్ పెన్నుతో సిరా పూసి రెండుసార్లు జరపండి. సిరా మిగిలినచోట రాయి తగల్లేదు. తగ్గిన పదును సరిచేయడానికి 12000 రాయి మీద పది, పదిహేను సార్లు, బరువు లేకుండా, అంతే. తర్వాత పట్టీ మీద అరవై. అప్పుడు ముంజేతి మీద చూడండి.

వెన్నుకు టేపు వేయమంటారు, వేయాలా?

కరెంటు పనికి వాడే టేపు ఒక పొర వేస్తే వెన్ను అరగదు, బంగారు పని ఉన్న కత్తులకు అది తప్పనిసరి. కాకపోతే కోణం కొద్దిగా పెరుగుతుంది. ఒకసారి టేపుతో పడితే ఆ కత్తికి ఎప్పుడూ టేపుతోనే పట్టాలి, లేకపోతే రాయి అంచు కొసకు అందదు. 1000 రాయి మీద టేపు ప్రతి రెండు మూడు నిమిషాలకూ చిరుగుతుంది, మార్చండి.

నేనే నేర్చుకోవాలా, ఎవరికైనా పంపించాలా?

మొదటి ఏడాది పంపించండి, రెండో ఏడాది నేర్చుకోండి. నేర్చుకోవడానికి తక్కువ ధర పాత కత్తి ఒకటి విడిగా పెట్టుకోండి. దాని మీద 1000 రాయి నుంచి మొదలుపెట్టి, మీ గడ్డం మీద లాగకుండా పనిచేసేదాకా తెచ్చాక మంచి కత్తిని రాయి మీద పెట్టండి. నాకు అందుకు ఐదు నెలలు పట్టింది. ఆదివారం ఉదయం పూట, ఇంట్లో ఎవరూ లేవకముందు కూర్చునేవాణ్ణి. ఆ పాత కత్తి ఇంకా నా దగ్గరే ఉంది. అలుగు అరిగి 5/8 కాస్తా 4/8కి దగ్గరగా వచ్చింది. కొత్త రాయి ఏది కొన్నా ముందు దాని మీదే పట్టి చూస్తాను.